అర్థం కాని మాటకి ఎర్రకార్డు

ఉదయం తొమ్మిదిన్నరకి డైరెక్టర్ మూడు ఫొటోలు బల్లమీద పరిచాడు.

"ఒక నర్సు. ఒక లిఫ్ట్ మెకానిక్. ఒక లైబ్రరీ గుమాస్తా. మూడు ఊళ్ళు, మూడు నెలలు. ముగ్గురూ ఎవరికో ఒక ప్యాకెట్ అందించారు. అందించిన గంటలోపే ముగ్గురినీ చంపేశారు."

"పాలిటిక్స్ ఏమైనా ఉన్నాయా సార్?" అని అడిగాడు పంతులు.

"ఏ గొడవా లేదు. తల వంచుకుని పనికెళ్ళి, తల వంచుకుని ఇంటికొచ్చే మనుషులు. ముగ్గురికీ కామన్ పాయింట్ ఒక్కటే. ఫ్రంట్ పోర్చ్."

ఫ్రంట్ పోర్చ్ అంటే ఇంటర్నెట్లో ఒక ఫోరమ్. అమెరికన్ స్లాంగ్ వంటబట్టించుకోవాలని నలుమూలల నుంచీ జనం అక్కడికి వస్తారు. నడిపేది 'స్కూటర్' అనే పందొమ్మిదేళ్ళ అమెరికన్ స్టూడెంట్. కనీసం వాడు చెప్పుకునేది అదీ.

"స్కూటర్ లేడు, వాడి బొంద లేదు. వెనక ఉన్నది సర్కిల్," అన్నాడు డైరెక్టర్.

సర్కిల్ ఒక విదేశీ ముఠా. రెండు దేశాలు కొట్టుకుంటే తప్ప దాని కడుపు నిండదు.

"సాయంత్రం నాలుగింటికి టౌన్‌హాల్లో నదీజలాల ఒప్పందం. రెండు దేశాల మంత్రులు సంతకాలు పెడతారు. నిన్న మనకి చిక్కిన సర్కిల్ మెసేజ్‌లో రెండే ముక్కలున్నాయి. 'హాల్. నాలుగు.' బాంబ్ స్క్వాడ్ తెల్లవారిన దగ్గర్నుంచీ హాల్ని జల్లెడ పట్టింది. ఏమీ దొరకలేదు."

"ఇంకా పెట్టలేదేమో సార్."

"అదే నా భయం. పెట్టేవాడు అమాయకుడు. ఏం పెడుతున్నాడో వాడికే తెలీదు. వాణ్ణి కనిపెట్టు పంతులూ. నాలుగు లోపు."

పంతులు అసలు పేరు ఫైల్లో ఉంది. ఫైలు బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. అతను గూఢచారి అని చెబితే కన్నతల్లి కూడా నమ్మదు. నలభై తొమ్మిదేళ్ళు, ముందుకొచ్చిన బొజ్జ, రెండుసార్లు అతికించుకున్న కళ్ళజోడు. జీవితంలో ఒక్కసారి తుపాకీ పేల్చాడు. ఆ గుండు ట్రైనింగ్ ఇచ్చేవాడి ఫ్లాస్కుకి తగిలింది. ఒకప్పుడు సాయంకాలం కాలేజీలో ఇంగ్లీషు మాస్టారు. ఇప్పుడు డిపార్ట్‌మెంట్లో స్లాంగ్ డెస్క్ హెడ్.

స్లాంగ్ డెస్క్ అంటే నవ్వకండి. అమెరికాలో కుర్రకారు పొద్దున ఒక మాట పుట్టిస్తారు. సాయంత్రానికి అది ప్రపంచమంతా పాకుతుంది. ఎక్కడో ఒక గుమాస్తా, ఎక్కడో ఒక నర్సు, డిక్షనరీ ముందేసుకుని తల పట్టుకుంటారు. అక్కడ ఒకడు ఎక్కువ నవ్వొచ్చి 'అయామ్ డెడ్' అని రాస్తే, ఇక్కడ ఒకాయన నిజంగానే కన్నీళ్ళు పెట్టుకుని సంతాపం పంపాడు. ఒకమ్మాయి ఆశ్చర్యపడి 'షటప్!' అన్నందుకు, ఒక టీచరమ్మ క్షమాపణ చెప్పి ఫోరమ్ నుంచి వెళ్ళిపోయింది. ఈ గందరగోళంలో గూఢచారులు దాక్కుంటారు. అందుకని ఒక డెస్కు.

గ్రౌండ్ ఫ్లోర్లో, మెట్ల కింద, కిటికీ లేని గది. గోడ పొడుగునా చెక్క సొరుగులు. ఒక్కో మాటకి ఒక్కో కార్డు. మాట, అర్థం, అది పుట్టిన నెల, జనం వాడటం మానేసిన నెల. స్లాంగ్ పాలలాంటిది, రెండ్రోజులు పక్కనపెడితే విరిగిపోతుంది. ఆ తేదీలు వెయ్యాలన్న ఆలోచన చిట్టిది.

చిట్టి పంతులుకి చెల్లెలు. పదమూడేళ్ళు చిన్నది. అమ్మానాన్నా పోయాక అతనే పెంచాడు, అతనే చదివించాడు, తెలివైన పిల్లని డిపార్ట్‌మెంట్లోకి కూడా అతనే తెచ్చాడు. మన ఏజెంట్లు కూడా స్లాంగ్‌లోనే మెసేజ్‌లు పంపుతారు, వాటికి కార్డుల రూలు ఆమె రాసిందే. అర్థం తెలిసిన మాటకి తెల్లకార్డు. తెలియని మాటకి ఎర్రకార్డు. ఎర్రకార్డు లేచిందంటే ఆ మెసేజ్ పంపిన ఏజెంటుని ఆ క్షణంలో వెనక్కి పిలవాలి. అర్థం తర్వాత వెతుక్కోవచ్చు.

డెస్క్ హెడ్డుగా పంతులు ఎనిమిదేళ్ళలో ఒక్క ఎర్రకార్డు కూడా ఎత్తలేదు. అందుకు అతనికి ఒక మెడల్ ఇచ్చారు.

మూడేళ్ళ కిందట, మార్చిలో, చిట్టి మారువేషంలో సర్కిల్లోకి వెళ్ళింది. పదకొండో రోజున ఆమె ఉన్న ఇల్లు కాలిపోయింది. బూడిదలో ఏమీ మిగల్లేదన్నారు. ఆ మెడల్ ఇప్పుడు పంతులు సొరుగులో, అట్టడుగున, బోర్లా పడి ఉంది.

*

పదకొండు దాకా అతను స్కూటర్ పోస్టులు చదివాడు. ఆరువందల పోస్టులు. 'ఆన్ ఫ్లీక్', 'యీట్', 'సావేజ్', 'బెట్'... బెట్ అంటే సరేనని.

"ఏంటి పంతులుగారూ, మొహం అలా పెట్టారు?" అంది వైర్లమ్మ. డిపార్ట్‌మెంట్లో మైకులూ రేడియోలూ ఆవిడవే. యాభై ఏళ్ళావిడ, మెళ్ళో హెడ్‌ఫోన్స్ లేకుండా ఎవరూ చూడలేదు.

"వీడికి పందొమ్మిదేళ్ళని కదా అంటున్నాడు?"

"అవును."

"అమెరికాలో పందొమ్మిదేళ్ళవాడు ఇప్పుడు ఈ మాటలు వాడితే, చెల్లెళ్ళు కూడా పక్కన కూర్చోరు. అన్నీ ఎక్స్‌పైరీ అయిపోయిన సరుకు."

"ముసలాడెవడో కుర్రాడి వేషం వేశాడన్నమాట."

"ముసలాడైతే రకరకాల కాలాల మాటలు కలిసేవి. ఇక్కడ అలా లేదు. అన్నీ ఒకే చోట ఆగిపోయాయి."

సొరుగులు లాగాడు. స్కూటర్ వాడిన ప్రతి మాటకీ కార్డు ఉంది. పుట్టిన నెలలు చూసుకుంటూ పోయాడు. నలభై కార్డులు, యాభై కార్డులు. మూడేళ్ళ కిందటి మార్చి తర్వాత పుట్టిన మాట ఒక్కటీ లేదు. కార్డులన్నిటి మీదా చిట్టి గుండ్రటి చేతిరాత. చివర సున్నా పెట్టేటప్పుడు లోపల చిన్న చుక్క పెట్టే అలవాటు.

పంతులు కార్డులు బల్లమీద పెట్టాడు. కుర్చీ కోసం తడుముకుని కూర్చున్నాడు.

చిట్టి బతికే ఉంది. బతికి, సర్కిల్లో కూర్చుని, స్కూటర్ అయి రాస్తోంది.

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. వైర్లమ్మకి కనబడకుండా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచినకొద్దీ మసక ఎక్కువైంది.

"నీళ్ళు తాగండి," అంది ఆవిడ. ఏమీ అడగలేదు. మంచి మనిషి.

స్కూటర్ పోస్టుల్లో ఒకటి మాత్రం ఏ కార్డుకీ అందలేదు. నాలుగు నెలల కిందటిది. 'ఈ వీకెండ్ మామూలు ఫ్లోంకీగా ఉండదు ఫ్రెండ్స్, ఎవరు రెడీ?' అని దాని సారాంశం. ఫ్లోంకీ అనే మాట అమెరికాలోనే కాదు, భూప్రపంచంలో ఎక్కడా లేదు. కానీ కింద నాలుగువందల పన్నెండు మంది నవ్వు బొమ్మలు పెట్టి 'బెట్, బ్రో' అని రాశారు. ఒక్కడు కూడా 'అంటే ఏంటి?' అని అడగలేదు.

ఆ నాలుగువందల పన్నెండులో నర్సు ఉంది. లిఫ్ట్ మెకానిక్ ఉన్నాడు. లైబ్రరీ గుమాస్తా ఉన్నాడు.

"ఇది గాలం," అన్నాడు పంతులు. "లేని మాట ఒకటి వదులుతారు. అర్థం కాలేదని అడిగినవాణ్ణి వదిలేస్తారు. అర్థమైనట్టు నవ్వినవాణ్ణి పట్టుకుంటారు. అర్థం కాలేదని అడగడానికి సిగ్గుపడేవాడు, రేపు పెట్టె చేతిలో పెడితే ఇందులో ఏముందని కూడా అడగడు."

"అమ్మ బాబోయ్," అంది వైర్లమ్మ. "ఎవరికొస్తుందండీ ఇంత పాడు తెలివి?"

ఎవరికొస్తుందో అతనికి తెలుసు. చిన్నప్పుడు చిట్టి అన్నం తింటూ మాటలకి అర్థాలు అడిగేది. పాతిక పేపర్లు దిద్ది విసిగిపోయిన అన్నయ్య, "ఆ మాత్రం తెలీదా?" అనేవాడు. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. అన్నిటికీ తలూపి నవ్వేది. పిల్ల చురుకైందని అతను మురిసిపోయాడు.

"ఆ నాలుగువందల మందిలో ఈ ఊళ్ళో ఎవరున్నారో తీయండి," అన్నాడు. "వాళ్ళలో టౌన్‌హాల్లోకి పోగలిగేవాళ్ళెవరో కావాలి."

"అది తీసేసరికి మూడున్నర అవుతుంది."

"కానివ్వండి."

తర్వాత మారువేషం వేశాడు. ఈ రోజుల్లో మారువేషం అంటే విగ్గూ మీసం కాదు, కొత్త యూజర్‌నేమ్. 'న్యూ స్టూడెంట్' అని పెట్టుకుని ఆ పోస్టు కింద తన భాషలో ఒక ప్రశ్న రాశాడు.

'ఫ్లోంకీ అంటే ఏమిటి? నాకు అర్థం కాలేదు. దయచేసి సొంత వాక్యంలో ప్రయోగించి చూపండి.'

వెంటనే ఇరవై నవ్వు బొమ్మలు పడ్డాయి. సరిగ్గా పన్నెండూ నలభైకి స్కూటర్ దగ్గర్నుంచి ప్రైవేట్ మెసేజ్ వచ్చింది.

'సొంత వాక్యంలో ప్రయోగించమని అడిగే మనిషి ప్రపంచంలో ఒక్కడే. ఇంత ఆలస్యంగా అడిగావేంటి, అన్నయ్యా?'

*

మూడుంబావుకి, వంతెన అవతల కళ్ళజోళ్ళ షాపులో కలుద్దామంది. కోడ్ వాక్యాలు కూడా ఆమే పంపింది.

పంతులు చొక్కా రెండో గుండీలో మైకు ఉంది. చెవిలో శనగగింజంత స్పీకర్ ఉంది. అందులో డైరెక్టర్ ఊపిరి వినబడుతోంది.

షాపు ఇరుకు. మూడు గోడల మీద ఫ్రేములు, నాలుగో గోడ మీద అక్షరాల చార్టు. షాపువాడు లోపలి గదిలో ఎవరికో అద్దాలు మార్చి మార్చి, ఇది బాగుందా, ఇది బాగుందా అని అడుగుతున్నాడు. నిలువుటద్దం ముందు ఒక ఆడమనిషి ఎర్ర కోటు వేసుకుని, నల్ల కళ్ళజోళ్ళు పెట్టి చూసుకుంటోంది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేలా ఉంది. ఎడమ చెవి కింద నుంచి మెడ దాకా కాలిన మచ్చ ఉంది. దాన్ని దాచుకోలేదు.

"దూరపు చూపు ఎలా ఉందండీ?" అంది అద్దంలోకే చూస్తూ.

"దూరానివి బానే కనిపిస్తున్నాయి," అన్నాడు పంతులు. కోడ్ ప్రకారం ఇంకో ముక్క చెప్పాలి. అద్దంలోని ఆ మచ్చ వైపే చూశాడు. "దగ్గరివే... దగ్గరివే కనపడట్లేదు."

ఆమె నల్లద్దాలు తీసింది. చిట్టే.

"బొజ్జ వచ్చింది అన్నయ్యా నీకు."

"నువ్వు చిక్కిపోయావు."

చెవిలో డైరెక్టర్ అరిచాడు: "అరెస్ట్ హర్! ఇద్దరు మనుషులు బయట ఉన్నారు, ఒక్క సైగ చెయ్!"

పంతులు సైగ చెయ్యలేదు.

"ముగ్గురు చనిపోయారు చిట్టీ."

"తెలుసు. పోస్టులు రాయడమే నా పని అన్నారు. రాసి మనుషుల్ని ఎంచి ఇచ్చాను. ఎందుకు అని అడగలేదు. నర్సు ఫొటో పేపర్లో చూసిన రోజు కూడా అడగలేదు. నీ చెల్లెల్నే కదా." ఆమె ఫ్రేము మడిచి స్టాండులో పెట్టింది. "ఇంట్లో పెట్టి కాల్చారు. బతికితే పనికొస్తానని బయటికి లాగారు. పదిహేడు రోజులు ఎదురు చూశాను. కాపలావాడి బూట్ల చప్పుడైనా నువ్వే అనుకునేదాన్ని. నాకు ఒక్క సంగతి చెప్పు. నా ఆఖరి మెసేజ్ మీకు అందిందా, లేదా?"

అందింది. ఫోరమ్‌లో మామూలు కబురులా పెట్టిన ఒక్క వాక్యం. 'ఈ పార్టీ అంతా సస్, బ్రో.' సస్ అనేది అప్పటికి ఫోరమ్‌లకెక్కి నాలుగు వారాలే అయిన పసిగుడ్డు. అనుమానంగా ఉంది, నన్ను కనిపెట్టేశారు అని ఆమె చెప్పింది. ఎంక్వైరీలో పంతులు, మెసేజ్ సగమే చిక్కిందని, మిగతాది ఎవరో చెరిపేశారని రాసిచ్చాడు. అందరూ నమ్మారు. ఎనిమిదేళ్ళలో ఒక్క ఎర్రకార్డు ఎత్తని మనిషి మాట కాదనేదెవరు?

గుండీలో మైకు ఉంది. అవతల డైరెక్టర్ ఉన్నాడు, టేపు తిరుగుతోంది.

పంతులు నీళ్ళు నమలలేదు. మూడేళ్ళు నమిలింది చాలు.

"అందింది, చిట్టీ. పూర్తిగా అందింది. ఆ మాటకి అర్థం నాకు తెలీలేదు. కింది గుమాస్తాలు నలుగురూ నా మొహమే చూస్తున్నారు. హెడ్డుని, మెడల్ ఉన్నవాణ్ణి, తెలీదని ఎలా చెప్పను? ఏదో పాట పేరై ఉంటుందని తెల్లకార్డు వేశాను. ఎర్రకార్డు చేతిలోకి తీసుకుని కూడా మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. నిన్ను ఆ ఇంట్లో పెట్టి కాల్చింది సర్కిల్ కాదు, నేను."

లోపల గదిలో షాపువాడు, ఇప్పుడు బాగుందా అని అడుగుతూనే ఉన్నాడు.

చిట్టి గోడవైపు తిరిగింది. చార్టు మీద ఆఖరి వరస అక్షరాలు చదువుతున్నట్టు కళ్ళు చికిలించింది.

"నన్ను వదిలేశారనుకున్నాను," అంది చివరికి. "నేనంటే లెక్కలేక వదిలేశారని. తెలీక అని ఒక్కసారి కూడా తట్టలేదు. మా అన్నయ్యకి తెలియని మాట ఉంటుందని నేనెప్పుడనుకున్నాను?"

ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. చెయ్యి చాచి, అతని వంకర కళ్ళజోడు సరిచేసింది. చిన్నప్పుడు కూడా అలాగే చేసేది.

"టౌన్‌హాల్ పెద్ద గడియారం," అంది గబగబా. "దానికి కీ ఇచ్చే మెకానిక్. బర్త్‌డే పాట మోగే స్పీకర్ అని చెప్పి పెట్టె ఇచ్చారు. మూడున్నరకి వెనకాల తగిలించి, నాలుగింటికి పాట మోగేదాకా చేత్తో అదిమి పట్టుకోమన్నారు. తగిలించాక చెయ్యి తీస్తే పేలుతుంది. ఆ సంగతి అతనికి చెప్పలేదు. దాని డ్రాయింగ్ మా ఫ్లాట్‌లో ఉంది. నేను వెళ్ళి, చూసి, నీకు ఫోన్ చేస్తాను."

"వద్దు. అక్కడికి వెళ్తే నిన్ను..."

"డ్రాయింగ్ చూడకుండా చెప్పమంటావా? తెలీనిది తెలిసినట్టు?"

పంతులు పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

"ఇంకొకటి," అన్నాడు. "ఫ్లోంకీ అంటే ఏంటి?"

ఈసారి నిజంగానే నవ్వింది. "అది చెప్పాలంటే టైం పడుతుంది. పని అయ్యాక అడుగు."

"పంతులూ, ఆమె బయటికి పోతోంది! సైగ చెయ్!" అన్నాడు డైరెక్టర్.

పంతులు చెవిలోంచి శనగగింజ తీసి జేబులో వేసుకున్నాడు.

*

వైర్లమ్మ లిస్టు కూడా అదే మనిషిని చూపించింది. నాలుగువందల పన్నెండులో ఈ ఊరివాళ్ళు ఆరుగురు. హాల్లోకి పోగలిగినవాడు ఒక్కడు.

దారిలో బాంబ్ స్క్వాడ్ కోసం రేడియోలో అడిగితే, ఎయిర్‌పోర్టులో ఏదో సూట్‌కేసు ఉందని ఎవరో ఫోన్ చేస్తే అక్కడికి పోయారన్నారు. ఎవరో ఏంటి, సర్కిలే. హాల్ గార్డులకి కబురందేసరికి మెకానిక్ అప్పటికే గడియారం వెనక చెయ్యి పెట్టేశాడు. వంతెన మీద ట్రాఫిక్ ఇంచు కదల్లేదు. పంతులు జీపు దిగి పరిగెత్తాడు. బొజ్జ ఉన్న మనిషి పరుగు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

మూడూ నలభై ఎనిమిదికి హాల్లో అడుగుపెట్టాడు. గార్డులు జనాన్ని బయటికి తోలడం మొదలుపెట్టారు. మంత్రులు వెనక గుమ్మంలోంచి పోయారు. ఒప్పందం కాగితాలు, రెండు పెన్నులు బల్లమీదే ఉండిపోయాయి.

బల్ల పైన గోడకి మనిషంత గడియారం. దాని పక్కన నిచ్చెన మీద నెరిసిన జుట్టు మనిషి, కుడిచెయ్యి గడియారం వెనక్కి దూర్చి నిలబడి ఉన్నాడు.

"చెయ్యి తీయకండి!" అరిచాడు పంతులు. "ఏం చేసినా సరే, ఆ చెయ్యి తీయకండి! అది బాంబు."

మెకానిక్ మొహంలో రక్తం చుక్క లేదు. "స్కూటర్ బర్త్‌డే పాటండీ ఇది. వాడు చిన్నపిల్లాడు. నాకు ఫ్రెండు."

"స్కూటర్ లేడండీ."

"లేకపోవడమేంటి? రోజూ మాట్లాడుకుంటాం. మా ఆవిడ పోయాక నన్ను పలకరించేది వాళ్ళేనండీ. ఈ వయసులో నన్ను 'బ్రో' అని పిలిచేవాళ్ళు ఇంకెవరున్నారు?" నిచ్చెన మీద కాలు సర్దుకున్నాడు. "వాళ్ళు రాసేది సగం నాకు అర్థం కాదు. అడిగితే ముసలాడని పక్కన పెట్టేస్తారని, నవ్వు బొమ్మ పెట్టి ఊరుకుంటాను."

మూడూ యాభై నాలుగు. హాల్లో మిగిలింది ఇద్దరే.

వాకీటాకీలో వైర్లమ్మ గొంతు గబగబా వచ్చింది. "పంతులుగారూ, ఇది అకూస్టిక్ ట్రిగ్గర్ అయ్యుండొచ్చు. ఫస్ట్ రిలే ఐసోలేట్ చేసి, ఎస్కేప్‌మెంట్ని న్యూట్రలైజ్ చేసి, లోడ్‌ని గ్రౌండ్ చెయ్యమనండి. అర్థమైందా?"

"ఆఁ," అన్నాడు పంతులు.

"బెట్," అన్నాడు మెకానిక్ నిచ్చెన మీంచి తలూపుతూ. ఎడమచెయ్యి గడియారం లోలకం వైపు చాచాడు, ఆపేయడానికి.

ఆ తలూపుడు పంతులు ఎరుగును. ఆ నవ్వు ఎరుగును. అన్నం కంచం ముందు కూర్చున్న చిన్నపిల్ల మొహంలో వెయ్యిసార్లు చూశాడు.

"ఆగండి! ఆవిడ చెప్పింది మీకు అర్థమైందా? నిజం చెప్పండి."

లోలకం దగ్గర చెయ్యి ఆగింది.

"...లేదండీ."

"నాకూ కాలేదు. ఒక్క ముక్క కాలేదు."

పెద్ద గడియారం టిక్ టిక్ మంటూనే ఉంది. అప్పుడు జేబులో ఫోన్ మోగింది.

"డ్రాయింగ్ నా చేతిలో ఉంది," అంది చిట్టి. రొప్పుతోంది. "స్పీకర్ ఆన్ చెయ్ అన్నయ్యా. మెకానిక్ గారూ, వినబడుతోందా?"

"వినబడుతోందమ్మా. నాకు... నాకు ఏమీ తెలీదు. నిదానంగా చెప్పు."

"ఇది రెండు చప్పుళ్ళు వింటుంది. టిక్ టిక్ ఆగిపోతే పేలుతుంది. నాలుగు గంటలు మోగినా పేలుతుంది. నాలుగు దాటి ఒక్క నిమిషం గడిస్తే దానంతటది చచ్చిపోతుంది. అప్పుడు చెయ్యి తీయొచ్చు."

లోలకం ఆపి ఉంటే ఈపాటికి గోడ ఉండేది కాదు. ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు.

"అంటే గడియారం నడవాలి. గంట మాత్రం మోగకూడదు. అంతేనా తల్లీ?" అన్నాడు మెకానిక్.

"అంతే."

"ఆ మాత్రం దానికి అన్ని పెద్ద మాటలెందుకమ్మా!" ఆ ముసలి మొహంలోకి ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. ఇది అతని పని. ముప్ఫై ఏళ్ళ పని. ఎడమచెయ్యి లోలకాన్ని తాకకుండా పక్కనుంచి లోపలికి పోనిచ్చి, ఇత్తడి గంటకీ సుత్తికీ మధ్య అరచెయ్యి పెట్టాడు. "నువ్వు పైకి రా నాయనా, నా నడుం పట్టుకో. కాళ్ళు వణుకుతున్నాయి."

పంతులు నిచ్చెన ఎక్కి అతని నడుం పట్టుకున్నాడు. లోపల పళ్ళ చక్రాలు కిర్రుమన్నాయి.

ఒకటి. సుత్తి చప్పుడు లేకుండా అరచేతిలో పడింది. మెకానిక్ పళ్ళు బిగించాడు. రెండు. మూడు. చర్మం చిట్లి చొక్కా చేతిమీదికి రక్తం కారింది. నాలుగు.

ఏ చప్పుడూ లేదు. టిక్, టిక్, టిక్. అరవై లెక్కపెట్టారు ఇద్దరూ, పైకే, చిన్నపిల్లల్లా.

గడియారం వెనకాల ఎక్కడో 'టక్' మంది, అంతే.

"తీయొచ్చు," అంది ఫోన్లో చిట్టి.

మెకానిక్ నిచ్చెన దిగి, మంత్రిగారి కుర్చీలో కూలబడి, చిట్లిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని భోరుమన్నాడు. పంతులు ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

"అయిపోయింది చిట్టీ. ఇక నువ్వు బయటికి వచ్చెయ్. నేను వస్తున్నాను. ఎక్కడున్నావో చెప్పు."

"స్టేషన్ వెనక వీధి. బేకరీ పైన, రెండో అంతస్తు. అన్నయ్యా, నువ్వు అక్కడ తెలీదన్నావు కదా? నేను విన్నాను. నాకూ కాలేదు అన్నావు."

"అన్నాను."

"బాగుంది."

"పని అయింది కదా. ఇప్పుడు చెప్పు. ఫ్లోంకీ అంటే ఏంటి?"

అవతల ఆమె నవ్వింది. "అది చాలా చిన్న సంగతి. నేను ఆరేళ్ళప్పుడు..." తలుపు తట్టిన చప్పుడు. మళ్ళీ తట్టారు. "ఒక్క నిమిషం అన్నయ్యా," అంది, ఎవరొచ్చారో చూసి వస్తానన్నంత మామూలుగా.

ఫోన్ బల్లమీద పెట్టిన శబ్దం. చెప్పుల శబ్దం. గొళ్ళెం. తర్వాత రెండు చప్పుళ్ళు, వెంటవెంటనే.

"చిట్టీ!"

ఎవరో ఫోన్ ఎత్తారు. కాసేపు ఊపిరి వినబడింది. లైను తెగిపోయింది.

*

మైకులో అడ్రసు విని డైరెక్టర్ పంపిన మనుషులకి, సర్కిల్ వాళ్ళు ఏడుగురు ఆ మెట్ల మీదే దొరికారు. ఒప్పందం మర్నాడు ఉదయం ఇంకో హాల్లో జరిగింది. పేపర్లలో రెండు దేశాల మంత్రుల నవ్వులు వచ్చాయి. ఎర్ర కోటులో దొరికిన శవం సంగతి ఏ పేపర్లోనూ రాలేదు.

డైరెక్టర్ తన గదిలో టేపు బల్లమీద పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు కళ్ళజోళ్ళ షాపులో చెప్పింది ఇందులో ఉంది పంతులూ."

"చెరపొద్దు సార్. ఎంక్వైరీ వెయ్యండి."

"మూడేళ్ళ కిందట ఆ ఒక్క ముక్క నా దగ్గరికి వచ్చి చెప్పి ఉంటే ఏమయ్యేది? నేను తిట్టేవాణ్ణి. అంతేగా?"

"అంతే సార్." పంతులు టేపు వైపు చూశాడు. "ఆ తిట్టు పడలేకే సార్."

డైరెక్టర్ కుర్చీలోంచి లేచాడు. కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

పంతులు మెట్ల కింది గదికి వచ్చాడు. మెడల్ తీసి చెత్తబుట్టలో వేశాడు. ఎర్రకార్డుల డబ్బా తెరిచాడు. ఎనిమిదేళ్ళూ, ఆ పైన మూడేళ్ళూ, ఒక్కటీ వాడని కార్డులు. ఒకటి తీసి రాశాడు.

'ఫ్లోంకీ. అర్థం: తెలీదు. అడిగాను. చెప్పబోయింది.'

పుట్టిన నెల దగ్గర ఆగాడు. ఆమెకి ఆరేళ్ళప్పుడు అతనికి పందొమ్మిది. ఆ ఇంట్లో, ఆ కంచం ముందు, ఆ మాట ఆ పిల్ల నోట ఎన్నిసార్లు వచ్చిందో, తనెన్నిసార్లు వినిపించుకోలేదో. ఎంత తవ్వుకున్నా ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. కార్డు మీద పడిన తడిని చొక్కా అంచుతో అద్దాడు. సొరుగు మూశాడు.

ఎంక్వైరీ ఇంకా నడుస్తుండగానే, మూడు నెలలకి వైర్లమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. కట్టు విప్పిన చేతితో అదే ఊళ్ళో గడియారాలు బాగుచేసుకుంటున్న మెకానిక్ కూడా, ఆ సాయంత్రమే ఫోన్ చేసి అదే కబురు చెప్పాడు.

"పంతులుగారూ! ఫ్లోంకీని అమెరికావాళ్ళు ఎత్తుకున్నారు. నిజం అమెరికావాళ్ళే. కాలేజీ పిల్లలు, పాటలవాళ్ళు, షూ కంపెనీవాళ్ళు. ఎక్కడ చూసినా ఫ్లోంకీయే!"

"ఏ అర్థంతో వాడుతున్నారు?"

"ఏమోనండీ. అందరికీ తెలిసినట్టే ఉంది."

పంతులు ఎర్రకార్డు తీసి పక్కన పెట్టుకున్నాడు. లక్షమంది కూడిన ఒక అమెరికన్ ఫోరమ్ తెరిచి, రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అడిగాడు: 'ఫ్లోంకీ అంటే ఏమిటి? నాకు నిజంగా తెలీదు.'

నిమిషం తిరక్కుండా నలభైమూడు నవ్వు బొమ్మలు వచ్చాయి. జవాబు మాత్రం ఒక్కటీ రాలేదు.